మనుషులున్న చోట పచ్చరంగు

నది ఒడ్డు పేటలో అతన్ని అందరూ అద్దాలాయన అనేవారు. కిటికీ అద్దం పగిలినా, కొట్టు ముందు షోకేసు కావలసి వచ్చినా, మొహం చూసుకునే అద్దం మసకబారినా అతని దగ్గరికే వెళ్లాలి. మెయిన్ రోడ్డు మలుపులో అతని దుకాణం. గోడ వారగా చెక్క చట్రంలో నిలబెట్టిన గాజు పలకలు, మధ్యలో పాత కంబళి పరిచిన పొడవాటి బల్ల, బల్ల కింద డబ్బాలో పగిలిన ముక్కలు. స్కేలు పెట్టి కట్టరుతో ఒక్క గీత లాగి, పలకని బల్ల అంచుకు జరిపి మెల్లగా నొక్కేవాడు. గీత పొడవునా పలక రెండుగా విడిపోయేది. యాభై దాటినా ఆ చెయ్యి వణికింది లేదు. మాట కూడా అలాగే కొలిచినట్టు ఉండేది. పనికి వెళ్లిన ఇంట్లో ఏ గొడవ చెవిన పడినా ఇంకో ఇంట్లో పొక్కనిచ్చేవాడు కాదు.

ఆ పేట ఒకప్పుడు పడవలతో, గోదాములతో నిండి ఉండేది. రెండో వంతెన కట్టాక సరుకంతా లారీలెక్కింది. గోదాములు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కూలిపోయాయి, వాటి చోట నదివైపు బాల్కనీలు పెట్టిన అపార్ట్‌మెంట్లు లేచాయి. అద్దాలాయనకి మాత్రం అది కలిసొచ్చింది. ఎన్ని అంతస్తులు లేస్తే అన్ని కిటికీలు. పాత ఇళ్లవాళ్లకీ కొత్త ఫ్లాట్లవాళ్లకీ మధ్య పెద్దగా మాటల్లేవు. వీళ్లు అర్ధరాత్రి దాకా వీధిలో కూర్చుని కబుర్లాడతారని వాళ్లకి చిరాకు, వాళ్లు కార్లు అడ్డంగా పెట్టి పోతారని వీళ్లకి మంట.

ఈ రెండు వర్గాల్నీ ఒక్కతాటి మీదికి తెచ్చింది నగరపాలక సంస్థ. ఒడ్డు మొత్తం బాగుచేస్తామంటూ ఒకరోజు కొలతల టేపులు పట్టుకుని మనుషులు దిగారు. ఏం కడతారో, ఎవర్ని లేపుతారో చెప్పినవాడు లేడు. ఇస్త్రీ కొట్టు ఆవిడ మొదలుపెట్టిన గొడవకి మూడో బ్లాకు లెక్చరర్ మేడమ్ తోడయింది. ఇద్దరూ కలిసి ఆఫీసు మెట్లెక్కి కూర్చున్నారు. మా ఒడ్డున ఎక్కడ ఏముండాలో మేమే తేల్చుకుంటామన్నారు. పైవాళ్లు ఏ కళనున్నారో, సరే, మీరే ప్లాను తయారు చెయ్యండి, బహిరంగ సభలో ఎక్కువమంది చెయ్యెత్తి ఒప్పుకున్నదాన్నే అమలు చేస్తాం అన్నారు. సాయానికి ప్లానింగ్ ఆఫీసు నుంచి ఒక అమ్మాయిని పంపారు.

కమిటీ వేసుకోవాలి, దానికి పెద్ద ఎవరన్నది ప్రశ్న. పాతవాళ్లని పెడితే కొత్తవాళ్లు నమ్మరు, కొత్తవాళ్లని పెడితే పాతవాళ్లు రారు. అందరికీ తట్టిన పేరు ఒక్కటే. అద్దాలాయనకి పాత ఇళ్లలో వంటింటి దాకా చనువుంది, కొత్త ఫ్లాట్లలో సోఫా దాకా మర్యాద ఉంది. వద్దు వద్దంటూనే ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చి ఇస్త్రీ చొక్కాలు ఎన్నున్నాయని భార్యని అడిగాడు. "రేపట్నించి కూర ఏం వండాలో కూడా చేతులెత్తించి తేలుస్తారా ఏంటి" అని ఆవిడ నవ్వింది. అతను కూడా నవ్వాడు. ఆ కొన్ని వారాలూ అతను అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. ఫ్లాట్లలోవాళ్లు అతన్ని పేరు పెట్టి, గారు తగిలించి పిలుస్తుంటే, మొహమాటపడుతున్నట్టు తల దించుకునేవాడు గానీ చెవులు అటే ఉండేవి.

అతనికి ఒక అన్న ఉన్నాడు. దిగువ వీధి చివర, నేల నీళ్లలోకి జారే చోట, పడవలు బాగుచేసే షెడ్డు అన్నది. పడవలు తగ్గాయి గానీ పని పూర్తిగా ఆగలేదు. ఇసుక పడవలు, చేపలు పట్టేవాళ్ల చిన్న పడవలు ఇంకా వస్తూనే ఉన్నాయి. షెడ్డు మీద రెండు గదులు. అన్నా వదినా ఉండేది అక్కడే. అద్దాలాయన పుట్టిందీ పెరిగిందీ కూడా ఆ గదుల్లోనే.

తల్లి ముందే పోయింది. తండ్రి పోయేనాటికి అతను ఇంకా పలక పట్టుకుని బడికెళ్లే వయసు. అన్నకి మీసాలు కూడా సరిగ్గా రాలేదు. బడి మానేసి, పడవలు చెక్కే తండ్రి బాడిస చేతిలోకి తీసుకున్నాడు. పగలంతా చెక్క చెక్కడం, నీళ్లు రాకుండా పడవ చెక్కల సందుల్లో నార కూరడం, తారు కాచి పూయడం. సాయంత్రం తమ్ముడికి అన్నం పెట్టి ఎక్కాలు అప్పజెప్పించుకోవడం. ఆ తారు వాసన గదుల్లో, దుప్పట్లలో, తమ్ముడి చొక్కాల్లో కూడా పట్టేసింది. బళ్లో పిల్లలు అతన్ని తారు డబ్బా అనేవారు. ఒకరోజు ఇంటికొచ్చి, ఇంక బడి గేటు దగ్గరికి రావొద్దని అన్నకి చెప్పాడు. అన్న ఎందుకని అడగలేదు. మర్నాటి నుంచి వీధి మలుపులో నిలబడేవాడు.

అద్దాల పనిలో చేర్పించిందీ అన్నే, దుకాణం పెట్టించిందీ అన్నే. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మాత్రం అతను మామగారితో, మా అన్న కలప వ్యాపారం చేస్తాడని చెప్పాడు. పెళ్లిరోజు అన్న కిరసనాయిలుతో చేతులు రుద్దుకుని, తెల్లచొక్కా వేసుకుని వచ్చి, వెనక వరసలో కూర్చుని వెళ్లిపోయాడు. తరవాత తరవాత రాకపోకలు పలచబడ్డాయి. గొడవేం లేదు. అన్న ఎప్పుడైనా వస్తే పెరటి గుమ్మంలోంచి వచ్చేవాడు, కూర్చోమంటే పనుందనేవాడు. నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఇంటికి తమ్ముడు ఏడాదికి ఒకసారి వెళ్తే గొప్ప.

ప్లాను గీసేముందు ఒడ్డంతా కాలినడకన చూసి రావాలంది ప్లానింగ్ అమ్మాయి. ఎక్కడ ఇల్లుంది, ఎక్కడ కొట్టుంది, ఎక్కడ ఖాళీ ఉంది, కళ్లతో చూసి కాగితం మీద గుర్తు పెట్టాలి. ఒక ఆదివారం ఉదయం పది పన్నెండుమంది బయల్దేరారు. ఎక్కువమంది ఫ్లాట్లవాళ్లే. ముందు అద్దాలాయన. ఎగువ నుంచి మొదలై దిగువకి వచ్చేసరికి ఎండెక్కింది. ఎవరి ఇల్లు దాటినా అతను వాళ్ల గురించి రెండు ముక్కలు చెబుతున్నాడు, అమ్మాయి రాసుకుంటోంది. దిగువ వీధిలోకి తిరగ్గానే అతని నడక నెమ్మదించింది. ఇటు చూడ్డానికి పెద్దగా ఏం లేదు, వెనక్కి పోదామన్నాడు. నీళ్ల దాకా వెళ్లకపోతే ఎలా అని లెక్చరర్ మేడమ్ ముందుకు నడిచింది.

షెడ్డులో ఒక పడవ బోర్లా పడి ఉంది. దాని కింద నుంచి అన్న పాక్కుంటూ బయటికొచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి ఉంది, మోచేతుల దాకా తారు, జుట్టు నిండా చెక్కపొట్టు. తమ్ముణ్ని చూసి మొహం ఇంత చేసుకున్నాడు.

"ఒరేయ్ చిన్నోడా, దారి తప్పి వచ్చావేంట్రా?"

వెనక ఎవరో చిన్నగా నవ్వారు. లెక్చరర్ మేడమ్ అద్దాలాయన వైపు తిరిగి, మీకు బాగా తెలిసినాయనా అని అడిగింది. అది మామూలు ప్రశ్నే. ఆవిడ గొంతులో ఏ వెటకారమూ లేదు. అయినా అతను చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"ఈ పేటలో అందరూ తెలిసినవాళ్లేనండి. పాతవాళ్లు కదా, కాస్త చనువెక్కువ" అన్నాడు.

అమ్మాయి కాగితం మీద నుంచి తలెత్తకుండా, పైన గదుల్లో ఎవరైనా ఉంటున్నారా అని అడిగింది. పై కిటికీలో వదిన ఆరేసిన దుప్పటి కనిపిస్తూనే ఉంది. అతను దాన్ని చూశాడు. "ఉండరండి. సామాను పెట్టుకుంటారు. పగలు పనిచేసుకుని వెళ్లిపోతారు" అన్నాడు.

ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. ఒక అబద్ధం నోరు జారాక, ఇక్కడ ఉంటున్నారంటే ఎవరు ఉంటున్నారని అడుగుతారేమోనన్న బెదురు వెనకే వచ్చింది. అన్న రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అతని మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, అలాగే ఆగిపోయింది. చేతిలో ఉన్న గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ ఒక పక్కకి జరిగాడు.

"చూసి నడవండి. కింద మేకులుంటాయి" అన్నాడు. అందరితో అన్నట్టే అన్నాడు. కానీ తమ్ముడి కళ్లలోకి చూస్తూ అన్నాడు.

ఆ తరవాత రంగులు వేసే పని. లైబ్రరీ మేడ మీద పెద్ద కాగితం పరిచి, ఇళ్లకి పసుపు, కొట్లకి ఎరుపు, పనిచేసే చోట్లకి గోధుమరంగు, ఖాళీ జాగాలకి పచ్చరంగు వేశారు. దిగువ చివర ఏం వెయ్యాలన్న దగ్గర చర్చ జరిగింది. వానాకాలంలో ముందు మునిగేది అదే, నీళ్లు పరుచుకోడానికి చోటు వదలాలి, పిల్లలు ఆడుకోడానికి పేటలో గజం జాగా లేదు, ఒడ్డు వెంట నడకదారి వేస్తే ఆ షెడ్డే అడ్డమవుతుంది అని తలా ఒక మాట అన్నారు. అందులో తప్పుడు మాట ఒక్కటీ లేదు. మనుషులు లేరు కాబట్టి ఆ పడవల మేస్త్రికి వేరే చోట షెడ్డు ఇప్పిస్తే సరిపోతుందన్నారు. అంతా అధ్యక్షుడి వైపు చూశారు. అతను కళ్లజోడు తుడుచుకున్నాడు. మీ అందరి ఇష్టం అన్నాడు. ఎవరో పచ్చరంగు పెన్సిలు అందుకున్నారు.

మొదటి బహిరంగ సభ బడి హాల్లో పెట్టారు. ప్లాను గోడకి వేలాడదీశారు. పాతవాళ్లు, కొత్తవాళ్లు అందరూ వచ్చారు. ఇంత జనం వస్తారని అమ్మాయి కూడా అనుకోలేదు. సభ మొదలవబోతుండగా అన్నా వదినా లోపలికి వచ్చారు. అన్న ఆ పెళ్లినాటిలాగే చేతులు రుద్దుకుని వచ్చాడు. గోళ్ల సందుల్లో నలుపు మాత్రం పోలేదు. ఇద్దరూ గోడ దగ్గర నిలబడి తమ ఇల్లు వెతుక్కున్నారు. అద్దాలాయన బల్ల వెనక కుర్చీలోంచి లేవబోయి, లేవలేక, అలాగే ఉండిపోయాడు. అన్నే అతని దగ్గరికి వచ్చాడు.

"అయ్యా, ఆ చివర పచ్చరంగు ఏసారు. అదేంటో కాస్త చెప్తారా అండీ" అని అడిగాడు.

పక్కన లెక్చరర్ మేడమ్ ఉంది, అమ్మాయి ఉంది. ఎక్కాలు అప్పజెప్పించుకున్న గొంతు అది. అందులో కోపం లేదు, దెప్పుడు లేదు. కొత్తాయన్ని అడిగినట్టే అడిగాడు. తమ్ముడు పరాయివాడిగా ఉండాలనుకుంటున్నాడని అర్థమై, ఆ ముచ్చట తీర్చడానికే అలా అడిగాడని అద్దాలాయనకి తెలిసిపోయింది. తిట్టినా బాగుండేది. చెంప పగలగొట్టినా బాగుండేది.

"అది ఖాళీ జాగా కింద పెట్టామండి. మీకు వేరే చోట షెడ్డు ఇప్పిస్తారు" అన్నాడు. తన నోట్లోంచి అన్నని ఉద్దేశించి అండీ అన్న మాట రావడం విన్నాడు.

"అలాగేనండి" అని అన్న వెనక వరసలోకి వెళ్లి కూర్చున్నాడు. వదిన మాత్రం గోడ దగ్గరే ఉండిపోయి, ప్లానులో ఆ పచ్చ ముక్క మీద అరచెయ్యి ఆనించి చూసింది, తడిగా ఉందేమోనన్నట్టు. తరవాత ఆవిడా వెళ్లి కూర్చుంది. ఒక్కో వీధికీ చేతులెత్తారు. దిగువ చివరి వంతు వచ్చినప్పుడు హాల్లో చేతులన్నీ లేచాయి. పాతవాళ్లూ ఎత్తారు. వెనక వరసలో ఆ రెండు జతలు మాత్రం ఒళ్లోనే ఉన్నాయి. ఆమోదం పొందిందని అద్దాలాయన చదివాడు. గొంతు మామూలుగానే పలికింది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. తుది సభ వచ్చే నెలలో అని ప్రకటించి అందరూ లేచేసరికి వెనక వరస ఖాళీగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం వదిన దుకాణానికి వచ్చింది. ఆవిడ ఆ గడప తొక్కి ఎన్నాళ్లయిందో. కూర్చో వదినా అంటే కూర్చోలేదు. గాజు పలకల మధ్య ఒళ్లు దగ్గర పెట్టుకుని నిలబడింది.

"మీ అన్నకి నేనొచ్చినట్టు తెలీదు. తెలిస్తే ఊరుకోడు. వాడు సొంతంగా సంపాదించుకున్న పేరు, మనం వెళ్లి పాడు చెయ్యొద్దు అంటాడు. నేను నీ పేరు పాడు చెయ్యడానికి రాలేదు. ఆయన మీ అన్న అని చెప్పక్కర్లేదు. నన్ను వదినని పిలవక్కర్లేదు. ఆ గదుల్లో మనుషులున్నారని చెప్పు చాలు. మేం ఇంకా బతికే ఉన్నాం కదా."

ఆవిడ జవాబు కోసం నిలబడలేదు. మెట్లు దిగుతూ, పలకలు తగలకుండా చీరచెంగు దగ్గరికి లాక్కుంది. నలుగురు వచ్చిపోయే దుకాణం, తన వల్ల ఏదీ పగలకూడదన్నట్టు.

ఆ పూట ఒక పలక వంకరగా కోశాడు. ఇంకోటి కూడా. దుకాణం మూసి ప్లానింగ్ ఆఫీసుకి వెళ్లాడు. తను చెప్పిన అబద్ధం ఒప్పుకోడానికి కాదు, ఎవరికీ తెలియకుండా దిద్దించడానికి. చిన్న పొరపాటు జరిగింది, ఆ షెడ్డు మీద ఎవరో కాపురం ఉంటున్నారట, మీరే కాస్త సరిచేసి పసుపు చుక్క పెట్టేస్తే బాగుంటుంది అన్నాడు. అమ్మాయి అతని మాట మర్యాదగానే విన్నది. కానీ కుదరదంది.

"ఇది నా ప్లాను కాదండి, సంతకం పెట్టి మార్చడానికి. హాల్లో చేతులెత్తి ఒప్పుకున్నది హాల్లోనే మార్చాలి. అక్కడ ఎవరూ లేరని ఆరోజు చెప్పినవాళ్లు వచ్చి, ఉన్నారని చెప్పాలి. అంతే." అలా అంటూ అతన్ని చూసి ఆగింది. ఆరోజు చెప్పింది ఎవరో ఆమెకి అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మంచినీళ్లు తాగుతారా అని అడిగింది. అతను వద్దని లేచాడు.

ఇంటికొచ్చి, ఒంట్లో బాగుండటం లేదు, కమిటీ నుంచి తప్పుకుంటాను అన్నాడు. అందులో అబద్ధమేం లేదు, మెతుకు దిగడం లేదు. భార్య అతని ఎదురుగా కూర్చుంది. సభలో జరిగిందంతా ఆవిడా చూసింది. అన్నదమ్ముల మధ్య అండీలు గారూలు వినబడ్డప్పుడు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదని చెప్పింది. మీరే చెబుతారని చూశానంది. తరవాత, ఇన్నేళ్లూ దాచిన మాట ఒకటి బయటపెట్టింది.

"మా నాన్న పెళ్లికి ముందే షెడ్డుకి వెళ్లి మీ అన్నయ్యని చూసొచ్చాడు. కలప వ్యాపారం లేదూ ఏం లేదూ, పడవ కింద పడుకుని తారు పూస్తున్నాడని ఇంటికొచ్చి చెప్పాడు. మా అమ్మ వద్దంది. తమ్ముణ్ని అలా పెంచినవాడి ఇంట్లో పిల్లనివ్వకపోతే ఇంకెవరికిస్తామని నాన్నే ఒప్పించాడు. మిమ్మల్ని చూసి కాదు, ఆయన్ని చూసి ఇచ్చారు నన్ను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కలప వ్యాపారం అన్నప్పుడల్లా మీ మొహం చూసేదాన్ని. ఏమని చెప్పను?"

అతను కంచం పక్కకి జరిపాడు. ఎవరి ముందు తల దించుకోవాల్సి వస్తుందని ముప్పై ఏళ్లు దాచాడో ఆ ఇంటివాళ్లకి మొదటి రోజు నుంచే తెలుసు. వాళ్లు నవ్వలేదు. తీసి పారేయలేదు. దాచినందుకు అతనికి దక్కిందల్లా పెరటి గుమ్మంలోంచి వచ్చి పోయిన అన్న.

తుది సభకి వారం ముందే ఒక సభ పెట్టించాడు. ఒక విషయం తేలాల్సి ఉందని మాత్రం చెప్పాడు. హాలు సగమే నిండింది. అన్నా వదినా రాలేదు, వాళ్లకి కబురు చెయ్యడానికి అతనికి మొహం చెల్లలేదు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చోకుండా గోడ దగ్గర, ప్లాను పక్కన నిలబడ్డాడు. ఏం చెప్పాలో దారి పొడవునా కూర్చుకున్నాడు గానీ, తీరా నిలబడ్డాక ఒక్క ముక్కా గుర్తు లేదు.

"ఇక్కడ షెడ్డు మీద రెండు గదులున్నాయి. ఎవరూ ఉండరని ఆరోజు నేనే చెప్పాను. అది అబద్ధం. మనుషులుంటున్నారు. ఆ మేస్త్రి మా అన్న. సొంత అన్న. నన్ను పెంచింది ఆయనే, నేను పెరిగిందీ ఆ గదుల్లోనే. చెప్పుకోడానికి నామోషీ వేసింది. అందుకని లేరన్నాను."

ఎవరైనా చప్పట్లు కొడతారని గానీ భుజం తడతారని గానీ అతను ఆశపడలేదు. కొట్టలేదు కూడా. లెక్చరర్ మేడమ్ మొహం ఎర్రబడింది.

"మేం నవ్వుతామనుకున్నారా?" అని అడిగింది.

"అనుకున్నానండి."

"మేమేం చేశామని?"

"మీరేం చెయ్యలేదండి."

"నా చేత ఒక ఇంటి మీద పచ్చరంగు వేయించారు మీరు. ఆ పెన్సిలు పట్టుకున్నది నేను" అంది ఆవిడ. ఆ తరవాత అతని వైపు చూడలేదు. తను చేసిన తప్పు అన్నావదినల దగ్గరే ఆగిందనుకున్నాడతను. ఈవిడ చేతికీ అంటిందని అప్పుడే తెలిసింది.

ఇస్త్రీ కొట్టు ఆవిడ లేచింది. అతన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన మనిషి. "మీ అన్నేనని మాకందరికీ తెలుసు. కొత్తవాళ్లకి తెలీదేమో గానీ మాకు తెలీదా? అయినా చెయ్యెత్తాం. ఎందుకెత్తాం? అన్నదమ్ములు మాట్లాడుకునే ఉంటారు, వేరే ఇల్లేదో చూసుకునే ఉంటారు అనుకున్నాం. నువ్వే పెద్దగా కూర్చుంటే ఇంకేం అడుగుతాం? నిన్ను నమ్మి మీ అన్న ఇల్లు తీసేశాం" అంది. కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. అద్దాలాయనకి నిలబడ్డ చోట నేల చీలితే బాగుండుననిపించింది. వాళ్లు నోరెత్తకపోవడం చూసి, పాతవాళ్లు మరిచిపోయారని ఇన్నాళ్లూ లోలోపల ఊపిరి పీల్చుకున్నాడు. అది మరుపు కాదు, నమ్మకం.

ఆ సభ సాయంత్రం దాకా నడిచింది. మాట మారిస్తే ఇంక ప్రతివాడూ వచ్చి మాదీ మార్చమంటాడని ఒకాయన లేచాడు. నీళ్లకి చోటు వదలకపోతే ఎగువన ఇళ్లు మునుగుతాయని ఇంకొకాయన అన్నాడు. ప్లానింగ్ అమ్మాయి ఎవరి పక్షమూ మాట్లాడలేదు. పలచటి కాగితం ఒకటి ప్లాను మీద పరిచి, కావాలంటే ఇలా కూడా గీయొచ్చు, అలా కూడా గీయొచ్చని చూపిస్తూ పోయింది. చివరికి తేలిందేమిటంటే, నడకదారి షెడ్డు ముందు నుంచి కాకుండా వెనక గట్టు మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలి. షెడ్డుకి రెండు వైపులా నేల ఖాళీగా వదలాలి. అక్కడ పడవ పని జరిగినన్నాళ్లూ, పైన మనుషులున్నన్నాళ్లూ షెడ్డు ఉంటుంది. కొత్తగా మాత్రం ఏదీ కట్టకూడదు. పిల్లలకి జాగా సగమైంది. దానికి బాధపడ్డవాళ్లు ఉన్నారు, వాళ్ల బాధలో న్యాయమూ ఉంది. చేతులెత్తారు. ఈసారి అన్నీ లేవలేదు గానీ సరిపోయినన్ని లేచాయి.

కమిటీ పెద్దరికం అతను అక్కడికక్కడే వదిలేశాడు. ఉండమని ఎవరూ బతిమాలలేదు. ఇస్త్రీ కొట్టు ఆవిడ కుర్చీ తీసుకుంది. తుది సభ ఆవిడే నడిపింది. అతను మామూలు మనిషిగా మూడో వరసలో కూర్చున్నాడు.

అన్న దగ్గరికి వెళ్లడానికి అతనికి ఇంకో రెండు రోజులు పట్టింది. పట్టపగలు, దిగువ వీధి పొడవునా నడిచి, ముందు వైపు నుంచే వెళ్లాడు. అన్న పడవ పక్కన గొంతుక్కూర్చుని నార పేనుతున్నాడు. జరిగిందంతా అప్పటికే అతని చెవిన పడింది. తమ్ముడు ఎదురుగా నిలబడి, తప్పయిపోయిందన్నాడు. కాళ్లు పట్టుకోబోతే అన్న పాదాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఇల్లు ఉంటుందన్నారు కదా, అది చాలు" అన్నాడు. కాసేపు నార పేనాడు. "అక్కడ పీట ఉంది, కూర్చోవచ్చు" అన్నాడు.

నువ్వని అనలేదు, మీరనీ అనలేదు. రెండింట్లో ఏదీ నోటికి రాక, మధ్యలో ఒక దారి చూసుకున్నాడు. అద్దాలాయన పీట మీద కూర్చున్నాడు. ఏం చెయ్యాలో తోచక, తెగిన నార పోగులు ఏరి ఒక పక్కన పెట్టసాగాడు. వదిన మేడ మీద నుంచి చూసింది గానీ కిందికి దిగలేదు.

ఆ తరవాత ప్రతి వారం వెళ్లేవాడు. పని ఉంటే చెయ్యి సాయం చేసేవాడు, లేకపోతే కూర్చుని వచ్చేవాడు. కొన్నాళ్లకి వదిన మాట్లాడింది. అన్న మాత్రం అలాగే, నువ్వూ మీరూ లేకుండా, మనిషికి తగలని మాటలతో నెట్టుకొచ్చాడు. అది శిక్ష కాదని అద్దాలాయనకి తెలుసు. అన్నకి శిక్షలు వెయ్యడం చేతకాదు. నొప్పి ఉన్న చోట బరువు ఆనించకుండా నడిచినట్టు నడుస్తున్నాడు, అంతే.

మూడో బ్లాకులో పని పడినప్పుడు లెక్చరర్ మేడమ్ ఇప్పుడు వేరే ఎవర్నో పిలిపిస్తుంది. మిగతా ఫ్లాట్లవాళ్లు మామూలుగానే ఉన్నారు. గట్టు మీద నడకదారి పడింది, పొద్దున పూట జనం షెడ్డు వెనక నుంచి నడుస్తూ కాసేపు ఆగి పడవల్ని చూసి పోతున్నారు.

అద్దాలాయనకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఎవరైనా దుకాణానికి వస్తే, అడగకపోయినా, అదిగో ఆ దిగువ చివర షెడ్డు మా అన్నది, నేను పెరిగింది అక్కడే అని చెప్పేస్తాడు. చెబుతున్నంతసేపూ మొహంలోకి రక్తం వచ్చి చేరుతుంది. చెప్పాక అద్దం కొలతలు రెండోసారి అడగాల్సి వస్తుంది. భార్యకి ఇది చూసి జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. "కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతనికి కూడా చెప్పాలా? పాపం, అతను ఏమనాలో తెలీక మీటరు వంకే చూస్తూ నిలబడ్డాడు" అంది ఒకరోజు.

ఆ మాట ఎలాగో దిగువ వీధికి కూడా చేరింది. మీటరు సంగతి వినగానే మీ అన్న నవ్వాడని వదిన చెప్పింది. అది ఎలాంటి నవ్వో అడుగుదామని అద్దాలాయన నోటిదాకా తెచ్చుకుని, అడగలేక ఊరుకున్నాడు.